జాతి వివక్ష మీద ఎస్సే: నాకు ఉపయోగపడిన రెండు పుస్తకాలు

ఫ్రెండ్స్, గ్రూప్-1 మెయిన్స్ కోసం గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని చదివిన రోజుల సంగతి ఇది. ఒక మాక్ టెస్టులో జాతి వివక్ష, సమాన హక్కుల మీద ఎస్సే ఇచ్చారు. మన రాజ్యాంగంలో సమానత్వం గురించిన ఆర్టికల్ 14, 15, 17, అమెరికా పౌరహక్కుల చట్టం 1964, దక్షిణాఫ్రికాలో 1948 నుంచి అపార్థీడ్ అనే జాతి వివక్ష విధానం... గుర్తున్నవన్నీ రాసేశాను. పేపరు దిద్దిన సార్ "అన్నీ సెక్షన్లే రాశావు. వివక్ష అనుభవించిన మనిషి ఒక్కడూ కనిపించడేంటమ్మా?" అన్నారు. రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

తర్వాత హార్పర్ లీ 1960లో రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చదివాను. 1962లో వచ్చిన సినిమా కూడా చూశాను. 1930ల నాటి అలబామా కథ. తెల్లమ్మాయిని చెరిచాడని టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద తప్పుడు కేసు పెడతారు. ఆ అమ్మాయికి దెబ్బలు తగిలింది ముఖం కుడివైపు. అంటే కొట్టినవాడిది ఎడమచేతి వాటం అయ్యుండాలి. టామ్‌కేమో ఎడమ చెయ్యే పనిచెయ్యదు. చిన్నప్పుడు పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్ను మిషన్‌లో ఇరుక్కుని నలిగిపోయింది. అక్కడ పుస్తకం మూసేశాను. మా నాన్న జిన్నింగ్ మిల్లులో పనిచేశారు. ఆ మిషన్‌లో చెయ్యి పడితే ఏమవుతుందో ఇంట్లో వింటూ పెరిగినదాన్ని. నవలలో ప్రమాణం చేసేటప్పుడు ఆ చెయ్యి బైబిల్ మీద నిలవక జారిపోతుంది. అందరూ చూస్తారు. అయినా జ్యూరీ దోషి అనే తేలుస్తుంది. చట్టం అందరికీ సమాన రక్షణ ఇస్తుందని అమెరికా రాజ్యాంగ 14వ సవరణ చెప్పింది 1868లోనే!

మన వినుకొండ కవి జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, ఆ గుడిలోనే వేలాడే గబ్బిలంతో శివుడికి తన బతుకు గురించి కబురు పంపుతాడు. పూజారి లేని వేళ చూసి చెప్పమంటాడు. బళ్లో బట్టీపట్టిన పద్యమే అది. రూమ్‌లో పైకి చదువుకుంటుంటే గొంతు పూడుకుపోయింది. అంటరానితనాన్ని రద్దు చేసిన ఆర్టికల్ 17 అమల్లోకి వచ్చింది 1950లో.

జాతి, కులం ఒకటేనని మాత్రం రాయకండి. ఆర్టికల్ 15లో రెండూ విడివిడిగా ఉన్నాయి. పోల్చవచ్చు, కలిపేయకూడదు. నవలలన్నీ చదివే టైమ్ లేదని టెన్షన్ పడకండి, ఒకటో రెండో మనసుపెట్టి చదివితే చాలు.

తర్వాతి ఎస్సేని టామ్ చెయ్యి బైబిల్ మీద నుంచి జారిపోవడంతో మొదలుపెట్టాను. ఆర్టికల్ 14 మూడో పేరాలో వచ్చింది.