టిల్ దగ్గర ఉన్న మనిషికే 18 నిండకపోతే...

18 ఏళ్లు నిండనివాళ్లకు మందు (మద్యం) అమ్మకూడదని ఇంగ్లండ్, వేల్స్‌లలో షాపు నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు. అమ్మే మనిషికే 18 నిండకపోతే ఏం చేయాలన్న దగ్గరే తేడాలు వస్తాయి. శని, ఆదివారాల్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లల్ని టిల్ (బిల్లు వేసే కౌంటర్) దగ్గర పెట్టుకునే చిన్న షాపుల వాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి.

2003 లైసెన్సింగ్ చట్టంలోని 153వ సెక్షన్ ఆ పిల్లల్ని మందు అమ్మొద్దని అనలేదు. వాళ్లు చేసే ఒక్కో అమ్మకానికీ బాధ్యత గల పెద్దవాళ్లు విడివిడిగా ఒప్పుకోవాలంది. ప్రెమిసెస్ లైసెన్స్ (షాపుకు ఇచ్చే మద్యం లైసెన్స్) ఉన్నవారు, డీపీఎస్‌గా (ఆ లైసెన్స్‌లో మందు అమ్మకాల బాధ్యులుగా) పేరున్నవారు, లేదా ఈ పని కోసం వాళ్లిద్దరిలో ఒకరు అనుమతించిన 18 దాటిన మనిషి మాత్రమే ఆ మాట చెప్పగలరు. పక్క టిల్‌లో ఎంత అనుభవమున్న పదిహేడేళ్ల కుర్రాడున్నా అతని మాట చెల్లదు. ఆ 18 దాటిన మనిషికిచ్చే అనుమతి కాగితం మీదే ఉండాలని ఆ సెక్షన్ అడగదు. అయినా పేరు, తేదీ, సంతకంతో రాసి ఉంచండి. తనిఖీకి వచ్చిన అధికారికి చూపించడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

అసలు గందరగోళం మరో నిబంధనతో కలుగుతుంది. ప్రతి మందు అమ్మకం పర్సనల్ లైసెన్స్ (మందు అమ్మకానికి మనిషి పేరున ఇచ్చే లైసెన్స్) ఉన్నవారు చేయాలి, లేదా వాళ్ల అనుమతితో జరగాలి. పెద్దవాళ్లైన సిబ్బందికి ఆ అనుమతి ఒకసారి ఇస్తే సరిపోతుంది, ఓనరు ఇంట్లో ఉన్నా ఫర్వాలేదు. ఆ అలవాటుతోనే పిల్లలకూ "ఈ పూట నువ్వు చూసుకో" అని చెప్పి వెళ్లిపోతారు. 153 కింద అది కుదరదు.

ఆచరణలో ఇలా ఉండాలి. సీసా స్కాన్ చేయగానే టిల్ ఆగి వయసు అడుగుతుంది. అప్పుడు పెద్దవాళ్లు వచ్చి కస్టమర్ ముఖం చూడాలి. 25 లోపు అనిపిస్తే పాస్‌పోర్టో, డ్రైవింగ్ లైసెన్సో, పాస్ (PASS) హోలోగ్రామ్ ఉన్న వయసు రుజువు కార్డో అడిగి, తమ కోడ్ తామే నొక్కాలి. క్యూ పెరిగిందని ఆ కోడ్ పిల్లాడికి చెప్పేస్తే ఇక ఆమోదమన్నది లేనట్టే. వెనక డెలివరీ వ్యాను వచ్చినప్పుడు, పెద్దవాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. షాపులో ఉన్న పెద్ద ఒక్కరే అయితే, వాళ్లు తిరిగి వచ్చేదాకా మందు అమ్మకం ఆపేయాల్సిందే. అరలు సర్దడానికి ఈ సెక్షన్ అడ్డు రాదు.

153 కింద శిక్ష పడేది ఆమోదం లేని అమ్మకాన్ని తెలిసీ జరగనిచ్చిన పెద్దలకు. జరిమానా గరిష్ఠంగా 200 పౌండ్లు. చిన్న మొత్తమే కదా అనుకోవద్దు. కొన్నవాళ్లకు 18 నిండలేదని తేలితే 146వ సెక్షన్ వస్తుంది. అది అమ్మిన మనిషి మీదికే, అంటే టిల్ దగ్గరున్న ఆ పిల్లాడి మీదికే రావచ్చు. దాని జరిమానాకు పరిమితి లేదు. వారాంతపు పనికి వచ్చిన పిల్లాణ్ని అలాంటి చిక్కులో పడేయడం నా దృష్టిలో క్షమించరానిది. మూడు నెలల వ్యవధిలో అలాంటి అమ్మకాలు రెండు జరిగితే లైసెన్స్ ఉన్నవారి మీద 147ఏ కింద వేరే కేసు.

భోజనంతో పాటే మందు ఇచ్చే రెస్టారెంట్లకు 153 నుంచి మినహాయింపు ఉంది. ఇంకా బడి వయసులో ఉన్నవాళ్లను పెట్టుకునేటట్టయితే ముందు స్థానిక కౌన్సిల్‌ను అడిగి, పని పర్మిట్, బైలాస్ (స్థానిక నిబంధనలు) చూసుకోండి. సాయంత్రం 7 దాటాక వాళ్లతో ఏ పనీ చేయించకూడదు.