అలాస్కా ఎలుగుల కోసం చిలికాలో సాధన

నవంబరు మొదటి వారం

వచ్చే ఆగస్టుకి సియాటిల్ నుంచి బయలుదేరే ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్ ఖాయం చేసుకున్నాం. "మే నెలలో అయితే టికెట్ చవక కదా" అన్నారు మావారు. నిజమే. కానీ మేం వెళ్తున్నది ఎలుగుల ఫొటోల కోసం. మేలో అవి అప్పుడే నిద్ర లేచి, గడ్డి మేస్తూ తలో దిక్కున ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వాగుల్లోకి ఎదురెక్కుతాయి. అప్పుడు ఎలుగులన్నీ ఆ వాగుల దగ్గరికే చేరతాయి. అందుకే చేప వచ్చే వేళ చూసుకుని తేదీ పెట్టుకున్నాం.

మా పుట్టిల్లు ఉద్దానం. జీడితోటలోకి వెళ్లాలంటే నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లేవాళ్లం, గుడ్డెలుగు ఉంటుందని భయం. ఎలుగంటే పరుగు తప్ప ఇంకేమీ తెలియకుండా పెరిగాను. అది చేప పడుతుంటే కదలకుండా కూర్చుని చూడాలని ఎన్నేళ్లుగానో కోరిక.

నవంబరు చివర

వీసాల పని. ఒడిశా వాళ్లం అమెరికా వీసాకి హైదరాబాద్ కాన్సులేట్ కిందికి వస్తాం. బరంపురం నుంచి రాత్రి రైలెక్కితే సరి. అసలు టెన్షన్ కెనడా వీసాతో వచ్చింది. "సియాటిల్లో ఎక్కి సియాటిల్లోనే దిగుతారు, కెనడా వీసా ఎందుకమ్మా" అన్నాడు ఏజెంటు. ఇంటికొచ్చి ఓడ ఆగే ఊళ్లు ఒక్కొక్కటే చదివితే చివర్లో విక్టోరియా ఉంది. అది కెనడా. మాది లాంటి విదేశీ జెండా ఉన్న (అంటే వేరే దేశంలో నమోదైన) ఓడ అమెరికాలో బయలుదేరి అమెరికాకే తిరిగొచ్చేటప్పుడు మధ్యలో ఒక పరాయి దేశపు రేవు తాకాలి. 1886 నాటి చట్టం అది. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా తప్పనిసరి. కెనడాకి వెళ్లి మళ్లీ అమెరికాలో అడుగుపెడతాం కాబట్టి అమెరికా వీసా ఒక్కసారి ప్రవేశానిదైతే చాలదు. ఈ రెండూ చూసుకోకుండా డబ్బు కట్టకండి.

డిసెంబరు

ఓడ డెక్ మీంచి తిమింగలాలు కనిపించవచ్చు. ఎలుగుల ఫొటోలు మాత్రం ఒడ్డు దిగితేనే. మా ఓడ అలాస్కా రాజధాని జూనోలో ఆగుతుంది. అక్కడికి దగ్గర్లోనే అడ్మిరాల్టీ దీవి. అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ జనం దానికి పెట్టుకున్న పేరుకి 'ఎలుగుల కోట' అని అర్థం. దాదాపు 1,600 గోధుమ ఎలుగులు ఉన్న దీవి అది. అందులో ప్యాక్ క్రీక్ అనే వాగు దగ్గరికి నీటి మీద వాలే చిన్న విమానంలో వెళ్లాలి. జూలై 5 నుంచి ఆగస్టు 25 దాకా రోజుకి 24 మందినే రానిస్తారు, పర్మిట్ ఉండాలి. తినే వస్తువేదీ వాగు దగ్గరికి తీసుకెళ్లకూడదు. ఆ నియమాలు చదువుతుంటే నాకు నమ్మకం కుదిరింది. మనిషి దగ్గర తిండి దొరకదని తెలిసిన ఎలుగు మనిషిని పట్టించుకోకుండా తన పని తాను చేసుకుంటుంది.

పొగమంచు పడితే ఆ విమానం ఎగరదు. అప్పటికి జూనోలోనే మెండెన్‌హాల్ హిమానీనదం పక్కన స్టీప్ క్రీక్ ఉంది. బస్సులో వెళ్లి చెక్క వంతెన బాట మీంచి నల్ల ఎలుగుల్ని చూడొచ్చు. ఇంకో మాట, ఓడ వాళ్లే అమ్మే టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయట కొనుక్కున్న టూర్ కోసం ఆగదు. మేం బయటే తీసుకుంటున్నాం, అందుకే ఓడ వదిలే సమయానికి మూడు గంటల ముందు తిరిగొచ్చే టూరే చూస్తున్నాం.

జనవరి రెండో ఆదివారం, రంభ

తెల్లవారకముందే కెమెరాతో చిలికా సరస్సు ఒడ్డున, రంభ ఊళ్లో ఉన్నాం, అలాస్కాకి ముందు ఫొటోల సాధన. పక్షుల కోసం అనుకునేరు, గేదెల కోసం! చిలికా గేదెలు రాత్రి సరస్సులోకి దిగి గడ్డి మేసి పొద్దున్నే ఒడ్డుకి తిరిగొస్తాయి. నల్లటి ఒళ్లు, తడి జుట్టు, నడుం లోతు నీళ్లు. వాగులో ఎలుగు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

మొదటి ఇరవై ఫొటోల్లో గేదెలన్నీ బూడిద రంగులో వచ్చాయి. ఫ్రేమంతా నలుపు ఉంటే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ని, అంటే కెమెరా పెంచే ఆ వెలుగుని, మైనస్ 0.7కి దించాను. నలుపు నలుపుగా నిలబడింది, వీపు మీద జారుతున్న నీటి చారలు కూడా విడివిడిగా కనిపించాయి. ఒక ముసలి గేదె మెడ చుట్టూ నాచు దండలా వేలాడుతోంది. దాని కంటి రెప్పల మీది నీటిబొట్లు లెక్కపెట్టొచ్చు. ఆ ఒక్క ఫొటో కోసం మళ్లీ మళ్లీ కెమెరా తెరిచి చూసుకున్నాను.

పడవ మీద ఇంకో పాఠం. మోచేతులు పడవ అంచుకి ఆనిస్తే ఇంజన్ అదురు నేరుగా లెన్సులోకి ఎక్కుతుంది. మోచేతులు పొట్టకి ఆనించి, మోకాళ్లు కొంచెం వంచితే ఒళ్లే ఆ కుదుపుని మింగేస్తుంది. లెన్సు 400 మిల్లీమీటర్ల జూమ్ దగ్గర, షటర్ వేగం సెకనులో 500వ వంతు పెడితే సగం ఫొటోలు చెదిరిపోయాయి, 1,000వ వంతు పెడితే చాలావరకు నిలిచాయి. ట్రైపాడ్ ఇంట్లోనే పెట్టేస్తున్నాను.

ఫిబ్రవరి

మా అత్తయ్య పాత జీన్స్ కాలు కోసి, రెండు వైపులా కుట్టి, ఒక పక్క జిప్పు పెట్టి లెన్సు కింద పెట్టుకునే సంచి చేసిచ్చారు. ఇక్కడ రెండు కిలోల పెసలు నింపి చూశాం, బాగా కూర్చుంది. ప్రయాణంలో ఖాళీగానే తీసుకెళ్తాం, గింజలు కస్టమ్స్‌లో ఆపుతారు. వాగు దగ్గరికి తినే వస్తువు తీసుకెళ్లకూడదు కాబట్టి, సియాటిల్లో దిగాక తినేది కానిదేదైనా నింపుకోవాలి. మేం ఆగే కెచికాన్లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది కాబట్టి లెన్సుకీ వాన తొడుగు కుట్టమన్నాను. కొలత తీసుకుంటున్నారు. వచ్చే ఆదివారం మళ్లీ రంభ, ఈసారి ఎగిరే కొంగల మీద ఫోకస్ సాధన.