ఎడమ పక్క గ్లాండు

శనివారం, రాత్రి

నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోతే స్టీము పంపు నడిపారంట. పొద్దున బుచ్చిరెడ్డిపాలెంలో బస్సు దిగి రైసు మిల్లు గేటు దాటానో లేదో, బాయిలర్ అటెండెంటు ఎదురొచ్చాడు. "ఎడమ పక్క గ్లాండు బుసకొడతా ఉండాది సామీ. రాత్రి దాని దగ్గర నిలబళ్లేకపోయినాం" అన్నాడు. గ్లాండంటే పంపు రాడ్డు బయటికొచ్చే చోట ఆవిరి కారకుండా ప్యాకింగుని, అంటే చుట్టూ వేసిన తాడు రింగుల్ని, నొక్కి పట్టే మూత.

పోయి చూస్తే పంపు కింద సిమెంటు మీద నూనె కలిసిన నీళ్లు, గోడ మీద నల్లటి చార. తాడుకి పట్టించిన గ్రాఫైటంతా ఆవిరితో పాటు బయటికి కొట్టుకొచ్చినట్టుంది. ఈరోజు పని ఇదేనని అర్థమైంది. ధాన్యం ఎత్తే రెండో ఎలివేటరు బెల్టు చూద్దామనుకున్నా, అది సోమవారానికి పోయింది.

మామూలుగా మా బాయిలర్‌కి నీళ్లు కొట్టేది కరెంటు పంపే. కరెంటు పోతే అది ఆగిపోతుంది గానీ, లోపల ఊక మంట ఆ క్షణంలో ఆగదు కదా. బాయిలర్ నీటిమట్టం చూపించే గేజీ గ్లాసులో నీళ్లు దిగిపోతూనే ఉంటాయి. అందుకని పక్కన ఈ పాత డ్యూప్లెక్స్ పంపుని, అంటే కుడి ఎడమల రెండు సిలిండర్లుండే దాన్ని, ఉంచారు. దీనికి మోటారు లేదు, బాయిలర్ ఆవిరితోనే నడుస్తుంది. కొత్తగా వచ్చిన హెల్పరు కుర్రోడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అన్నా, బాయిలర్‌లో ఉండే ప్రెషరే దీన్లోకీ వస్తుండాది. మళ్లీ అదే బాయిలర్‌లోకి నీళ్లని ఎట్టా నెడతాది?" అన్నాడు. ఈ ప్రశ్న అడిగినోళ్లు చాలా తక్కువ. ఆవిరి వైపు పిస్టను పెద్దది, నీళ్ల వైపుది చిన్నది. ఒకే రాడ్డుకి రెండు కొసల్లో రెండూ ఉంటాయి. పెద్ద పిస్టను మీద పడిన బలమంతా చిన్న దాని మీదికి చేరేసరికి నీళ్ల ప్రెషరు బాయిలర్ ప్రెషరుని మించిపోతుంది. మూతలు చూపించి చెప్తే వెంటనే పట్టేశాడు.

తంటా అంతా ఆ రాడ్డుతోనే. ఆవిరి సిలిండర్ మూతలోంచి బయటికి రావాలి, లోపలికి పోవాలి, ఆవిరి మాత్రం దాని వెంట రాకూడదు. కదలని జాయింటుకైతే మధ్యలో గాస్కెట్ పెట్టి బోల్టులు బిగిస్తే అయిపోయె. కదిలే దానికి అట్లా కాదు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత రాపిడి, ఎంత వదిలితే అంత లీకు.

ముందు స్టాపు వాల్వు మూసి, నీళ్లు వదిలే డ్రెయిన్ కుళాయిలు తెరిచి, వాల్వు చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, చల్లారేదాకా కూర్చున్నాం. ఈలోగా పక్క లైన్లో చిన్న లీకు ఒకటుంటే కుర్రోడికి దూరం నుంచే చూపించా. తెల్లగా పొగలా కనిపించేది ఆవిరి కాదు, చల్లబడి తుంపరగా మారిన నీళ్లు. అసలు ఆవిరి కంటికి కనపడదు. లీకు మూతికీ ఆ తెల్ల పొగకీ నడుమ ఖాళీగా కనిపించే జాగాలోనే అది ఉంటుంది, చెయ్యి పెడితే తోలు ఊడొస్తుంది. మా బాయిలర్ నడిచే 7 కిలోల ప్రెషరు దగ్గర ఆవిరి వేడి 170 డిగ్రీలు.

నట్లు తీసి గ్లాండుని రాడ్డు మీద వెనక్కి లాగి, కొసన మెలిక ఉండే హుక్కుతో పాత ప్యాకింగు ఒక్కో రింగే బయటికి తీశా. బయటివి రెండూ గట్టిపడి మెరుస్తున్నాయి, గోటితో నొక్కితే గీత కూడా పడలేదు. లోపలివేమో వదులుగా, పీచు పీచుగా, ముక్కలైపోయి వచ్చాయి. ఇది ఎవరు వేశారో తెలియదు గానీ, ఎట్లా వేశారో చూస్తేనే తెలిసిపోతోంది. రింగులన్నీ ఒక్కసారే లోపలికి తోసి, పానా పెట్టి బలంకొద్దీ బిగించారు. నట్టు తిప్పినప్పుడు ఆ నెట్టుడు ఎక్కువగా ముందున్న రింగులకే పడుతుంది. అవి రాడ్డునీ, తాము కూర్చున్న పెట్టె గోడనీ ఒరుసుకుని ఆ బలాన్ని మింగేస్తాయి, అడుగున ఉన్న వాటిదాకా చేరేది కొంచెమే. ఆవిరి ప్రెషరు ఎక్కువుండేది మాత్రం అడుగునే. పైగా కోతలన్నీ ఒకే వరసలో పైకే ఉన్నాయి. ఆవిరికి తిన్నగా బాట వేసిచ్చినట్టే.

స్టోర్లో ఒక మూల పాత ఆస్‌బెస్టాస్ తాడు చుట్ట దొరికింది. కుర్రోడు దాన్ని తెచ్చి కత్తి అందుకోబోతుంటే ఆపా. వేడికి అది బాగానే నిలుస్తుంది, అందుకే ఒకప్పుడు ఎక్కడ చూసినా అదే. కానీ కోసినప్పుడు లేచే సన్నటి నూగు ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడుతుంది. తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పక్కన పెట్టించా. కొత్త గ్రాఫైట్ తాడు కొంచెం మిగిలి ఉంది, అదే వాడాం.

తాడు సైజుకి లెక్క సులువే. పెట్టె లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లు, రాడ్డు 32. తేడాలో సగం పన్నెండున్నర, అంటే అర అంగుళం తాడు. పొడవు మాత్రం టేపుతో కొలిస్తే కుదరదు. రాడ్డు లావే ఉన్న పైపు ముక్క మీద తాడుని చుట్టి, ఏటవాలుగా ఒకే కోత కోయాలి. ఇది నాకు చూపించింది మా పెదనాయన. బిట్రగుంట లోకోషెడ్డులో స్టీము ఇంజన్లు ఉన్న రోజుల్లో ఫిట్టరుగా చేసినాయన. రైలింజన్ల పిస్టను రాడ్డుకి ఈ తాళ్లు పనికిరావనీ, సూపర్‌హీట్ ఆవిరి, అంటే మరిగాక ఇంకా కాచిన ఆవిరి, వేడికి అవి మాడిపోతాయనీ, అందుకని ముక్కలుగా చేసిన లోహపు ప్యాకింగుని స్ప్రింగుతో పట్టి ఉంచుతారనీ చెప్పేవాడు. ఆ గ్లాండు లీకైతే ఇంజను ముందంతా ఆవిరి కమ్మేసి డ్రైవరుకి సిగ్నలు కనపడదు. అక్కడ లీకంటే ఊకో బొగ్గో ఎక్కువ కాలడంతో పోయేది కాదు.

అయిదు రింగులు వేశాం. ఒక్కోదానికి సిలిండర్ నూనె రాసి, రాడ్డు చుట్టూ తొడిగి, నిలువునా రెండు ముక్కలుగా చేసిన ఇత్తడి బుష్షుతో అడుగుదాకా దిగ్గొట్టి, ఆ తర్వాతే రెండోది. కోతకీ కోతకీ 90 డిగ్రీల ఎడం. చివర నట్లు వేళ్లతో తిరిగినంత వరకే, పానా ముట్టుకోలేదు. వేసేముందు రాడ్డుని గుడ్డతో తుడిచి గోరు పెట్టి లాగితే ఒకచోట తగులుతోంది. పొడుగ్గా గీత పడింది. పాత ప్యాకింగుని ఎండబెట్టి బిగించిన ఫలితమే అది. ఆ గీత ఉన్నన్నాళ్లూ ఎంత మంచి తాడు వేసినా తొందరగానే తినేస్తుంది.

మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక కుర్రోడు నిద్రపోయాడు. నేను ఫోనులో వాట్ పేటెంట్ మళ్లీ చదువుకున్నా. ఐటీఐ రోజుల నుంచీ నాకు ఇదో పిచ్చి. జేమ్స్ వాట్ అంటే అందరూ ఆవిరిని సిలిండరు బయట చల్లబరిచే కండెన్సరు గురించే చెప్తారు. ఫిట్టరుగా నాకు మాత్రం ఆయన సిలిండరు పైకొసని మూసెయ్యడమే పెద్ద పని అనిపిస్తుంది. 1712 నాటి న్యూకోమెన్ ఇంజను సిలిండరు పైన బార్లా తెరిచే ఉండేది. పిస్టను చుట్టూ తోలు, దాని మీద కాసిని నీళ్లు, అదే సీలు. వాట్‌కేమో సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉండాలి, నీళ్లు పోస్తే చల్లబడిపోతుంది. 1769 పేటెంట్ చివర్లో నీళ్లకి బదులు నూనెలు, మైనం, జిగురు పదార్థాలు, జంతువుల కొవ్వు, పాదరసం వాడతానని రాసుకున్నాడు. ఆ జాబితా చదివితే మనిషి ఎంత విసిగిపోయి ఉంటాడో తెలుస్తుంది. పిస్టను చుట్టూ పాత టోపీలు, కాగితాలు, గుర్రపు పేడ కూడా పెట్టి చూశాడట. 1775లో విల్కిన్సన్ అనే ఇనుప కార్ఖానా ఓనరు ఫిరంగులు తొలిచే పద్ధతిలో సిలిండర్లని గుండ్రంగా తొలిచి ఇచ్చాక గానీ ఆ బాధ తీరలేదు. సిలిండరే వంకరగా ఉంటే ప్యాకింగు ఏం చేస్తుంది! పైకొస మూశాడు కాబట్టి రాడ్డు మూతలోంచి రావాల్సొచ్చింది, స్టఫింగ్ బాక్సు, అంటే ప్యాకింగు కూరే పెట్టె, తప్పలేదు. అందులో జనపనార, కొవ్వు. ఈరోజు మేము చేసింది కూడా అదే, నార బదులు గ్రాఫైటు. పిస్టనుకైతే 1852లో రామ్స్‌బాటమ్ అనే రైలింజన్ల ఇంజనీరు చీలిక రింగులు తెచ్చాడు. ఇప్పుడు బైకు ఇంజన్లో ఉండేవీ ఆ జాతివే.

అంతలోనే మా బావమరిది ఫోను. వాడు నేలటూరు థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కింద టర్బైను పని చేస్తాడు. గ్లాండు ప్యాకింగు వేస్తున్నానంటే నవ్వాడు. "మా దగ్గిర తాడేసి తిప్పితే క్షణంలో బూడిదే బావా!" నిజమే. 800 మెగావాట్ల యూనిటు, నిమిషానికి 3000 చుట్లు తిరిగే షాఫ్టు. అక్కడ షాఫ్టుని ఏదీ తాకదు. చుట్టూ సన్నటి అంచులు వరసగా ఉంటాయి. ఆవిరి ఒక్కో సందులోంచి దూరి, పక్క గదిలో విచ్చుకుని, కొంత ప్రెషరు పోగొట్టుకుని, మళ్లీ ఇంకో సందులో దూరాలి. చివరికి మిగిలిన కొంచెం ఆవిరిని గ్లాండు కండెన్సరు లాక్కుంటుంది. అల్ప ప్రెషరు టర్బైను వైపు ఇంకా తమాషా. అక్కడ లోపల వాక్యూమ్, ఆవిరి బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. దాన్ని ఆపడానికి ఆ సందుల్లోకి మనమే ఆవిరి పంపాలి. యూనిటు లేపేటప్పుడు షాఫ్టుని మెల్లగా తిప్పడం మొదలెట్టాకే సీలింగు స్టీము ఇస్తారంట. ఆగి ఉన్న షాఫ్టుకి ఇస్తే ఒకచోటే వేడెక్కి వంగిపోతుంది. వాడు ఇట్లాంటివి చెప్పేటప్పుడు మాత్రం నాకు కొంచెం కుళ్లుగా ఉంటుంది.

నాలుగున్నరకి ఆవిరి ఇచ్చాం. డ్రెయిన్లు తెరిచే ఉంచి, వాల్వుని కొంచెమే తిప్పి, సిలిండర్లో నీళ్లన్నీ కక్కేదాకా ఆగి, అప్పుడు పంపుని కదిలించా. మొదట్లో లీకు బాగానే వచ్చింది. కుర్రోడు పానా పట్టుకుని ముందుకొచ్చాడు. ఉండబ్బా అన్నా. తాడు వేడెక్కి, సర్దుకునేదాకా ఆగాక, రెండు నట్లనీ ఒకదాని తర్వాత ఒకటి, ఆరు పలకల్లో ఒక్క పలక చొప్పున తిప్పా. గ్లాండుకీ రాడ్డుకీ మధ్య సందు చుట్టూ సమానంగా ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. ఒక వైపు వాలితే గ్లాండే రాడ్డుని గీరేస్తుంది. సాయంత్రం ఆరు గంటలు దాటాక లీకు సద్దుమణిగింది. రాడ్డు బయటికొచ్చినప్పుడల్లా సన్నటి నూనె తడి, మూతి దగ్గర ఒకటి రెండు చుక్కలు. అక్కడ ఆపేశా.

ఓనరు వచ్చి వంగి చూశాడు. "ఇంకా చెమ్మ వస్తుండాదే?"

"ఆ చెమ్మ ఉండాలన్నా. అదే దానికి నూనె. పూర్తిగా ఎండబెడితే తాడు మాడి, రాడ్డు గీసుకుపోతాది."

"మా ఇంట్లో కుక్కరు ఒక్క చుక్క కారదు కదబ్బా!"

"కుక్కరు మూత ముందుకీ ఎనక్కీ ఆడదు గదన్నా."

నవ్వాడు గానీ నమ్మినట్టు లేడు. రాడ్డు మీది గీత చూపించి, ఈ ధాన్యం సీజను అయిపోయాక దాన్ని విప్పి నెల్లూరులో లేతుకిచ్చి గ్రైండింగు చేయించాలనీ, లేదంటే కొత్త రాడ్డే చేయించాలనీ చెప్పా. కరెంటు ఉన్నంతసేపూ నడవని పంపుకి అంత ఖర్చెందుకు అన్నాడు. నిన్న రాత్రి కరెంటు లేదు కదన్నా అంటే, ఫోనొచ్చిందని అటు తిరిగాడు.

రిజిస్టర్లో రాసేశా. ఎడమ స్టీము గ్లాండు ప్యాకింగు మార్చాము, రాడ్డుపై గీత ఉంది, అర అంగుళం గ్రాఫైట్ తాడు ఒక కిలో తెప్పించాలి, పాత ఆస్‌బెస్టాస్ చుట్ట ఎవరూ వాడకూడదు. అటెండెంటు సంతకం చేశాడు. ఓనరు సంతకం గడి ఇంకా ఖాళీగానే ఉంది.