బావమరిదితో బైర్లూటి

మా బావమరిది ఉండేది అనంతపురంలో. ఏ పని మొదలుపెట్టినా ముందు సామాను కొనే రకం. నల్లమలలో చెంచు గైడ్లతో రెండు రోజులు నడుద్దాం రమ్మని నేను ఫోన్ చేస్తే, నాలుగో రోజుకల్లా జలగలు పట్టకుండా వేసుకునే పొడుగు మేజోళ్లు రెండు జతలు ఆన్‌లైన్లో తెప్పించేశాడు. అంతకుముందు ఏడాది వానల్లో కర్ణాటకలోని అగుంబెకు పోయి, రెండు కాళ్లా నెత్తురు కారుతుంటే ఇంటికొచ్చాడు. ఆ భయం ఇంకా పోలేదు. "అది వర్షారణ్యం రా, మనది ఎండుటాకుల అడవి. ఫిబ్రవరిలో నల్లమలలో జలగ కనబడితే దానికి దండం పెట్టి రావాలి" అని చెప్పి చూశాను. వినలేదు. రెండో జత నాకట.

నా సంగతి ఇంకోరకం. పుట్టి పెరిగింది కర్నూలులోనే. శ్రీశైలానికి బస్సులో ఆ అడవి గుండా ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. ప్రతిసారీ ఆత్మకూరు దాటగానే నిద్ర, దోర్నాలలో టీకి మెలకువ. మధ్యలో ఉన్న అడవిలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు.

పొద్దున్నే బయల్దేరి నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. కారులో డీజిల్ ఎవరు కొట్టించాలన్న దాని మీద మొదలైన మాట, రెండేళ్ల కిందట నేను ప్లాటు రిజిస్ట్రేషన్ కోసం వాడి దగ్గర తీసుకున్న డబ్బు దాకా పోయింది. ఆత్మకూరు వచ్చేసరికి ఇద్దరం మాటలు మానేశాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ఆత్మకూరు, దాని వెనకున్న అడవి నంద్యాల జిల్లాలోకి పోయాయి. కాగితం మీద మాది కాదన్నమాట. కర్నూలులో మాత్రం ఎవరూ ఆ తేడా పాటించరు, ఇప్పటికీ మన అడవే అంటారు.

బైర్లూటిలో ఉన్న జంగిల్ క్యాంప్ అటవీ శాఖది. వంట, గదులు, జీపు, గైడు పని చేసేది మాత్రం ఎక్కువగా అక్కడి చెంచులే. మాకు గైడుగా వచ్చిన కుర్రాడికి పాతికేళ్లు ఉంటాయి. ఖాకీ చొక్కా, టోపీ. వాడితో పాటు వాళ్ల మేనమామ కూడా బయల్దేరాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా ఎగగట్టిన లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో వెదురు కర్ర. అడవిలో వాచర్‌గా చేసి మానేశాడట. "ఊరికే ఇంట్లో కూచుంటే నడుములు పట్టుకుంటాయి సార్, అందుకే వస్తాడు" అన్నాడు కుర్రాడు. మా బావమరిది మేజోళ్లను పెద్దాయన కాసేపు తేరిపార చూశాడు. ఏమీ అనలేదు.

టేకు చెట్ల కిందికి దిగిన పది నిమిషాలకే మా ఇద్దరి సంగతీ ఆయనకు అర్థమైపోయింది. ఫిబ్రవరిలో టేకాకు నేలంతా రాలి అప్పడాల్లా ఎండి ఉంటుంది. మా బూట్ల కింద అది విరుగుతుంటే ఎవరో మైకు పెట్టి నములుతున్నట్టుంది. ముందు నడుస్తున్న పెద్దాయన దగ్గర చప్పుడే లేదు. ఆగి వెనక్కి తిరిగాడు.

"నాయనా, మీరు నడుస్తాంటే అడివికంతా మీరే వినబడతాండారు. మాకేమో అడివి వినబడ్డంల్యా."

తర్వాత ఎట్లా నడవాలో చూపించాడు. మడమ దబ్బున వేయకూడదు. పాదం వెలిపక్క అంచు ముందు ఆనించి, ఆకు కింద ఏముందో తెలుసుకుని, ఆ తర్వాత బరువు వేయాలి. చెప్పులైతే తెలుస్తుంది, మా బూట్ల అట్టకు ఏమీ తెలియదు. వంద గజాలు ప్రయత్నించేసరికి నాకు పిక్కలు పట్టేశాయి. కానీ అప్పుడే మొదటిసారి ఇంకేవో చప్పుళ్లు చెవిన పడ్డాయి. ఎక్కడో పికిలిపిట్ట, దూరంగా నెమలి, ఎండు వెదురు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమనడం.

ఏ చెట్టు చూపించి పేరడిగినా ఆయన పేరు చెప్పి ఊరుకోడు. అది ఏ నెలలో ఏమిస్తుందో చెబుతాడు. తునికి అయితే ఎండాకాలం పండు, బీడీలకు ఆకు. సార చెట్టు అయితే పప్పు. ఉసిరి ఇప్పుడైపోయింది, ఒక నెల ముందు రావాల్సింది. ముష్టి గింజ చేదు, విషం, కానీ మందులకు కొంటారు. మా అమ్మ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పేది, సరిగ్గా ఆ ధోరణి. తపసి చెట్టు దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడ్డాడు. పాలిపోయిన కాగితంలాంటి బెరడు, ఆకు లేదు, ఎండలో ఒంటరిగా తెల్లగా నిలబడి ఉంది. బెరడు మీద పాత గాటు, అందులోంచి కారి గడ్డకట్టిన జిగురు ఒక ముద్ద. గోటితో గీకి నా చేతిలో పెట్టాడు. లేత పసుపు రంగు, పులిసిన వాసన. ఈ జిగురును, తేనెను, కుంకుళ్లను గిరిజన సహకార సంస్థ వాళ్లు కొంటారు. 1956లో పెట్టిన సంస్థ అది. "గాటు లోతుగా పెడితే ఎక్కువ కారుతాది. మర్సటేడు చెట్టు ఉండదు. బయటోళ్లు వచ్చి అట్ల నరికి శానా చెట్లు సంపినారు" అన్నాడు.

నల్లమద్ది కనబడగానే మా బావమరిదికి ఊపు వచ్చింది. మొసలి చర్మంలా పగుళ్లు పగుళ్లుగా ఉండే బెరడు కాబట్టి గుర్తుపట్టడం తేలికే. 2024లో పాపికొండల్లో అటవీ అధికారులు నల్లమద్దికి గాటు పెడితే కొళాయిలా నీళ్లు ధారకట్టిన వీడియో అందరూ చూసే ఉంటారు. "దీనికి కూడా ఒక గాటు పెడితే?" అన్నాడు వీడు. "దప్పికగా ఉందా?" అని అడిగాడు పెద్దాయన. లేదన్నాడు వీడు. "మరెందుకు?" అంతే, ముందుకు నడిచాడు.

పులి గురించి అడగకూడదని ఇంటి దగ్గరే అనుకున్నాను. గంట కూడా ఆగలేకపోయాను. 1983లో టైగర్ రిజర్వ్ అయింది ఈ అడవి. ఉమ్మడి రాష్ట్రంలో 3,568 చదరపు కిలోమీటర్లు, అప్పటికి దేశంలోనే పెద్దది. ఇంత అడవిలో మన కంట పడటం అంత సులువు కాదని తెలుసు, అయినా నోరూరుకోదు కదా. కుర్రాడు నవ్వి, దారి పక్కనున్న ఒక మాను దగ్గరికి తీసుకుపోయి వాసన చూడమన్నాడు. ముక్కు దగ్గర పెట్టాను. ఉడుకుతున్న బిర్యానీ బియ్యం వాసన! నిజంగా బాస్మతి వాసనే. పులి తన హద్దు చెప్పడానికి వెనక నుంచి చిమ్మే మూత్రం అది. బాస్మతికి ఆ వాసన ఇచ్చే పదార్థమే పులి మూత్రంలోనూ ఉంటుందట. "రాత్రి పోయింటాది సార్. ఇంకా పచ్చిగానే ఉంది." మా బావమరిది వాసన చూడటానికి రాలేదు. రోడ్డు ఎంత దూరమని అడిగాడు.

అంతలో పైన కొండముచ్చు ఒకటి ఖొక్ ఖొక్ మని గట్టిగా దగ్గింది. గైడ్లిద్దరూ నిలువునా ఆగిపోయారు. మమ్మల్నీ ఆపేశారు. రెండు నిమిషాలు ఎవరూ ఊపిరి కూడా సరిగా తీయలేదు. మళ్లీ కూయలేదది. "చిరుత కావొచ్చు, ఏమీ లేకపోవచ్చు. దాని మాట ఒకసారికి నమ్మకూడదు, ఆపకుండా కూస్తే నమ్మాల" అన్నాడు పెద్దాయన. ఆ రెండు నిమిషాల్లో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆసరాకని చెయ్యి చాపి పక్కనున్న తీగ పట్టుకున్నాను. దూలగొండి. కాయల మీద గోధుమరంగు నూగు, చూడ్డానికి వెల్వెట్ గుడ్డలా ముద్దుగా ఉంటుంది. అరచేతి నుంచి మోచేతి దాకా మంట, దురద కలిసి ఎగబాకాయి. గోకబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని కర్రతో టక్కున కొట్టాడు, చిన్నపిల్లాణ్ని కొట్టినట్టు. పిడికెడు మెత్తటి మన్ను తీసి, నా సీసాలో నీళ్లతో తడిపి, చేతికంతా పట్టించి, ఎండలో చెయ్యి చాపుకుని కూర్చోమన్నాడు. మట్టి ఆరి పెళుసెక్కాక రాల్చాడు. దాంతో పాటు నూగు సగం ఊడొచ్చింది. మిగతా సగం సాయంత్రం దాకా నాతోనే ఉంది. జలగల మేజోళ్లు చేతులకు కూడా ఉంటే బాగుండేదని అన్నది నేనే.

మధ్యాహ్నం ఒక ఎండిపోయిన వాగులో బండ మీద కూర్చుని జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి తిన్నాం. ఎదురుగా నిట్టనిలువు కొండచరియ. దాని మీద అక్కడక్కడా నల్లటి చారలు. అవి పెద్ద తేనెటీగలు పట్టు పెట్టే చోట్లని, ఎండలు ముదిరాక మళ్లీ వస్తాయని చెప్పాడు కుర్రాడు. వాళ్ల మామ ఆ చరియకు వేలాడి తేనె తీసినవాడే. అడవి తీగలతో, నారతో తాడు పేని, పైన మానుకు కట్టి, ఆకుల పొగ పెట్టుకుంటూ దిగుతారు. తాడు దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి బావమరిదే అయి ఉండాలి.

"తమ్ముడో అన్నో కూచోడా?" అన్నాను.

"కూచోడు. అన్నదమ్ములకు లోపల ఏముంటాదో ఎవనికి తెలుసు? బావమరిదైతే భయం లేదు. తాడు తెగితే తాళి తెగేది వాని అక్కదే కదా."

ఇప్పుడు నా వైపు తిరిగి, ఈయన నీకేమవుతాడని అడిగాడు. బావమరిది అన్నాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. మా వాడు ఊరుకుంటాడా? "నాకు ఈయన బాకీ ఉన్నాడు. అది తీర్చేదాకా నేను తాడు పట్టను" అన్నాడు. పెద్దాయన రొట్టె ముక్క నములుతూ తాపీగా అన్నాడు: "బాకీ ఉన్నోన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాల అబ్బీ. వాడు పడిపోతే ఎవరిని అడుగుతావు?"

పొద్దున్నుంచి మా మధ్య లేని మాటలు అక్కడే మళ్లీ మొదలయ్యాయి.

రాత్రి క్యాంపు అరుగు మీద కుర్రాడు ఎక్కువ మాట్లాడాడు. ఆత్మకూరులో ఇంటర్ దాకా చదివాడు. పులుల కోసం చెట్లకు కట్టిన కెమెరాల్లో చారలు చూసి ఏది ఏ పులో గుర్తుపడతాడు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని అడవిలోకి ఎవరినీ రానివ్వరు. ఆ మూడు నెలలు గైడు కూలీ ఉండదు, కింద ఊళ్లలో పొలం పనులకు పోవాలి. వచ్చేవాళ్లలో కొందరు విల్లు పట్టుకుని నిలబడు, ఫోటో తీసుకుంటాం అంటారట. "మా మామకైతే విల్లుంది సార్. నాకు వేయడం కూడా రాదు. అయినా పట్టుకుంటా, ఏం చేయాల?" నిజం చెప్పాలంటే నా మనసులోనూ అలాంటి ఫోటో ఒకటి ఉంది. ఫోన్ జేబులోంచి తీయలేదు.

1975 నుంచే ప్రభుత్వం చెంచులను ఆదిమ తెగగా గుర్తించి ప్రత్యేకంగా చూస్తోంది. శ్రీశైలంలో వాళ్ల కోసం గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ కూడా ఉంది. రిజర్వ్ అయినప్పుడు పెద్దాయనకు పద్దెనిమిదేళ్లు. అప్పటి సంగతులు అడిగితే ఒక్క ముక్క చెప్పాడు. "ముందు పులులను లెక్కరాసినారు. తర్వాత మమ్మల్ని."

రెండో రోజు నాగలూటి. ఆత్మకూరు పక్కనున్న వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలం పోయే పాత కాలినడక దారి ఇది. శివరాత్రికి మన వాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు వేలల్లో నడిచిపోతారు. మేము పోయేసరికి శివరాత్రి ఇంకా రెండు వారాలుంది, దారిలో పిట్ట మనిషి లేడు. పాడుబడిన వీరభద్రుడి గుడి, అక్కడి నుంచి పైకి రాతి మెట్లు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినవాడిగా 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డికి పేరు. ఎవరు కట్టించినా మోసిందీ పరిచిందీ వేరేవాళ్లే అయి ఉంటారు. రాళ్లు నున్నగా అరిగి, మీద ఎండుటాకు పడి, జారుతున్నాయి. మూడో మలుపులో నా కాలు జారింది. పడకముందే వెనక నుంచి చొక్కా కాలరు బిగిసింది. బావమరిది. చొక్కా చిరిగింది, నేను పడలేదు. కింద నుంచి పెద్దాయన నవ్వు మాత్రం గట్టిగా వినబడింది, అడవిలో చప్పుడు చేయకూడదన్న మనిషే.

అక్కడ కూర్చుని ఆయన చుట్టరికాలు చెప్పుకొచ్చాడు. శ్రీశైలం మల్లయ్య చెంచుల ఆడబిడ్డను చేసుకున్నాడు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు. కనుమ నాడు మొదలైన పారువేటలో ఆ ఓబులేసు ఇప్పుడు కూడా పల్లకిలో ఊరూరా తిరుగుతున్నాడు, తన పెళ్లికి రమ్మని పిలవడానికి. "ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు. ఇద్దరూ మా ఇంటి అల్లుళ్లే. మీరు టికెట్ కొని చూసొస్తారు" అన్నాడు. అందులో గొప్ప ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు బావమరిది ఆ రెండు జతల మేజోళ్లు పెద్దాయనకే ఇచ్చేశాడు. వద్దనలేదు ఆయన. చేయి దూర్చి సాగదీసి చూసి, పప్పు గింజలు పోసుకోవడానికి బాగుంటాయన్నాడు. బదులుగా లుంగీ మడతలోంచి చిల్ల గింజలు నాలుగు తీసి నా చేతిలో పెట్టాడు. గుండ్రంగా, చొక్కా గుండీ అంత ఉంటాయి. బురదనీళ్ల కుండ లోపల అంచుకు అరగదీస్తే మట్టి అడుక్కు దిగుతుందన్నాడు.

ఇప్పుడు జూలై. పైన వానలు పడ్డాయి, తుంగభద్ర ఎర్రబడింది, మా వీధి కొళాయిలో మూడు రోజులుగా టీ రంగు నీళ్లు. నిన్న రాత్రి మా ఆవిడ నా సొరుగులోంచి ఒక గింజ తీసి, కుండ లోపల అంచుకు అరగదీసి, మూత పెట్టి పడుకుంది. పొద్దున మూత తీస్తే అడుగున వేలెడు మందాన ఎర్రమట్టి, పైన తేట నీళ్లు. ఫోటో తీసి వాళ్ల తమ్ముడికి పంపింది. ఇంకా మూడు గింజలున్నాయని కూడా రాసింది. వాడి జవాబు వెంటనే వచ్చింది: అందులో రెండు నావి.