మేడ మీదికి నెట్: నాలుగు వారాల పని

మా ఇంట్లో ఫైబర్ డబ్బా కింద హాల్లో ఉంది, నా బల్ల మేడ మీది గదిలో. మధ్యలో కాంక్రీటు స్లాబు. వైఫై పైదాకా సరిగ్గా అందడం లేదని, మెట్ల పక్క పైపులోంచి 22 మీటర్ల క్యాట్ 6 కేబుల్ లాగాను. ఈ రకం కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి దూరంతో ఇబ్బంది లేదు. మొదటి వారం అంతా దానికే సరిపోయింది.

రెండో వారం కేబుల్ చివర్లకి జాకులు క్రింప్ చేశాను, అంటే పనిముట్టుతో నొక్కి బిగించాను. నెట్ వచ్చింది గానీ స్విచ్ (కేబుళ్లన్నిటినీ కలిపే డబ్బా) మీద పచ్చ లైటు బదులు నారింజ లైటు వెలిగింది. నా స్విచ్‌లో అది 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) స్పీడుకి గుర్తు. జాకుని టార్చి వెలుగులో చూస్తే, చివరి గోధుమరంగు తీగ రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉండి పిన్ను కిందికి చేరలేదు. 100కి 1, 2, 3, 6 పిన్నుల్లోని నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000కి, ఎనిమిదీ కావాలి. అందుకే నెట్ ఆగలేదు, స్పీడు మాత్రం పడిపోయింది. జాకు కత్తిరించి మళ్లీ కొట్టాను. పచ్చ లైటు! తీగలన్నీ సమానంగా కత్తిరించాకే జాకులోకి తోయండి.

మూడో వారం ఎన్నాళ్లుగానో చేయాలనుకున్న ప్రయోగం చేశాను. ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే పాత హబ్ (స్విచ్‌లాగే కేబుళ్లు కలిపే పాతకాలం డబ్బా) ఒకటి దొరికింది. దానికి మూడు కంప్యూటర్లు కలిపి, మొదటి దాన్నుంచి రెండో దానికి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొట్టి, మూడో దాంట్లో వైర్‌షార్క్ (కేబుల్లో వచ్చేవన్నీ చూపించే ప్రోగ్రాం) తెరిచాను. తనకు సంబంధం లేని ఆ పింగ్‌లన్నీ మూడో కంప్యూటర్‌లో వరసగా కనిపించాయి. హబ్‌కి ఎవరు ఎవరో తెలియదు. ఒక పోర్టులో వచ్చిన సిగ్నల్‌ని మిగతా అన్నిటికీ పంపేస్తుంది. ఇద్దరు ఒకేసారి పంపితే ఢీకొంటాయి, ఆగి మళ్లీ పంపుకోవాలి.

అవే కేబుళ్లు తీసి స్విచ్‌కి పెట్టాను. 'ఈ అడ్రసు ఎవరిది?' అని అందరినీ అడిగే ఏఆర్‌పీ ప్రశ్న మూడో కంప్యూటర్‌కి వచ్చింది. ఆ తర్వాత ఒక్క పింగ్ కూడా కనిపించలేదు. వచ్చిన ప్రతి ఫ్రేములోనూ (డేటా మూటలోనూ) పంపినవాళ్ల మ్యాక్ అడ్రసు, అంటే ఆ పరికరం సొంత నంబరు, చూసి, అది ఏ పోర్టులో ఉందో స్విచ్ రాసిపెట్టుకుంటుంది. తర్వాత వాళ్లకి వచ్చినవి ఆ పోర్టుకే పంపుతుంది. ఎన్నిసార్లు చదివినా పట్టుబడని తేడా ఆ ఖాళీ తెర చూడగానే అర్థమైంది. చాలా సంతోషమేసింది.

ఈ వారం పని పాత రౌటర్‌తో. పైన వైఫై కోసం కేబుల్‌ని దాని వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే రంధ్రంలో) కలిపాను. నెట్ వచ్చింది, కానీ కింది ప్రింటర్ లాప్‌టాప్‌కి దొరకలేదు. ఐపీ అడ్రసులు (నెట్‌వర్కులో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) చూస్తే పైన 192.168.0తో, కింద 192.168.1తో మొదలవుతున్నాయి. రౌటర్ పనే రెండు నెట్‌వర్కుల మధ్య నిలబడటం. కింది ఫైబర్ డబ్బా కూడా రౌటరే. ఇంట్లో అలాంటివి రెండయ్యేసరికి పైనా కిందా వేరైపోయాయి. నాకు కావలసింది యాక్సెస్ పాయింట్, అంటే అదే నెట్‌వర్కుని గాల్లోకి అందించేది. మీ రౌటర్‌లో ఆ మోడ్ ఉంటే నొక్కితే చాలు. నా దాంట్లో లేదు. ముందు దాని అడ్రసు 192.168.1.2కి మార్చాను (కింది రౌటర్ పంచే అడ్రసుల్లో అది లేదని చూసుకున్నాకే). తర్వాత దాంట్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రసులు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వాన్ నుంచి తీసి లాన్ పోర్టులో (ఇంటి లోపలి పరికరాలు కలిపే రంధ్రంలో) పెట్టాను.

లాప్‌టాప్‌లో ప్రింట్ నొక్కగానే కింద హాల్లో ప్రింటర్ కదిలిన చప్పుడు మేడ మీదికి వినిపించింది.