అలిపిరి మెట్ల మీద ఫ్లూ పాఠం

మా మేనకోడలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో వైరాలజీ చదువుతోంది. "కొండకు నడిచి పోదాం రా మామా" అని పిలిస్తే, జ్వరం తగ్గి పట్టుమని నెల కాలేదన్న సంగతి మరిచి ఊఁ అనేశాను. తెల్లవారకముందే అలిపిరిలో పాదాల మండపం దగ్గర జనమే జనం. లగేజీ కౌంటర్లో నా నీలం సంచికి ఒక చీటీ అంటించి, అదే బార్‌కోడ్ ఉన్న రసీదు చేతికిచ్చారు.

మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కడమే అసలు కష్టం. మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతున్న ఆడవాళ్లు కూడా నన్ను దాటిపోతుంటే సిగ్గేసింది. కూలబడిన ప్రతిచోటా నా జ్వరం గోడే. రిపోర్టులో 'ఇన్‌ఫ్లుయెంజా ఎ, హెచ్3ఎన్2' అని వచ్చింది. ముక్కులో ఒక పుల్ల తిప్పి అంత పేరెలా చెప్పారో!

"ఫ్లూ వైరస్‌లు ఎ, బి, సి, డి అని నాలుగు మామా. డి ఎక్కువగా పశువుల్లోనే. సి వస్తే మామూలు జలుబులా పోతుంది. ఏటా మనల్ని మంచాన పడేసేవి ఎ, బి." ఎ రకానికి ఒంటి మీద హెచ్, ఎన్ అనే రెండు ప్రొటీన్లుంటాయట. వాటి తేడాలను బట్టే ఆ అంకెలు. 1918లో ప్రపంచాన్ని ఊడ్చేసింది హెచ్1ఎన్1. నాకొచ్చింది 1968లో పుట్టిన వంశం.

"అయితే దానికీ నా సంచికున్నట్టు బార్‌కోడ్ ఉంటుందా?"

నవ్వింది. జంతువులకైతే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని సీఓ1 జన్యువులో 650 జన్యు అక్షరాల ముక్క చదివి జాతి చెప్పొచ్చని, అదే వాటి బార్‌కోడ్ అని 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. వైరస్‌కు మైటోకాండ్రియానే లేదు. వైరస్‌లన్నిటికీ ఉమ్మడిగా ఒక్క జన్యువైనా లేదు. కానీ ఫ్లూ ఎ వైరస్ తన సమాచారాన్ని డీఎన్‌ఏకు చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఎనిమిదింట్లో దాచుకుంటుంది. ఏ ముక్క చూసినా ఒక కొసన 12, రెండో కొసన 13 అక్షరాలు దాదాపు మారవు. ఆ కొసలు పట్టుకుంటే ఎనిమిదీ చిక్కుతాయి. ఎం జన్యువు పెద్దగా మారదు కాబట్టి అది చదివితే ఎ అని తేలుతుంది. హెచ్ జన్యువు చదివితే హెచ్3 అని.

"అది వేలిముద్ర లాంటిది మామా, పుట్టుకతో ఉండేది. నీ సంచి చీటీ లాంటిది ఇంకొకటుంది." చాలామంది శాంపిళ్లను కలిపి ఒకే మెషీన్‌లో చదివేటప్పుడు, ఎవరిది ఏదో తెలియడానికి ల్యాబ్ వాళ్లే ఒక్కోదానికి ఒక్కో చిన్న డీఎన్‌ఏ ముక్క అతికిస్తారు. దాన్నీ బార్‌కోడ్ అనే అంటారు. రెంటికీ ఒకే పేరు పెట్టి మాలాంటివాళ్లను తికమక పెట్టడం దేనికో.

మోకాళ్ల పర్వతం దగ్గర నాకు మాట రాలేదు. మేనకోడలు మాత్రం ఆగలేదు. ఒకే పందికి రెండు రకాల ఫ్లూ సోకితే వాటి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కలగాపులగమవుతాయట. 2009 నాటి స్వైన్ ఫ్లూలో పక్షులది, పందులది, మనుషులది అన్నీ ఉన్నాయి.

పైన లగేజీ కౌంటర్లో నా నీలం సంచి అందుకుని జిప్పు తీశాను. ఎవరిదో లుంగీ, పసిబిడ్డ గౌను. కౌంటర్ కుర్రాడు చీటీ స్కాన్ చేసి, పక్కనే ఉన్న ఇంకో నీలం సంచి నా వైపు తోశాడు. మేనకోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.