ఖాళీ సీసా గీసిన సరిహద్దు

గోదావరి డెల్టాలో వందేళ్లు దాటిన పానీయాల కంపెనీ ప్రస్తావన వస్తే నేను ముందుగా చెప్పే పేరు రామచంద్రపురం ఆర్టోస్. అద్దూరి రామచంద్రరాజు అక్కడ సోడా తయారీ మొదలుపెట్టింది 1919లో. ఆ జిల్లాకు తూర్పు గోదావరి అన్న పేరు రావడానికి అప్పటికి ఇంకా ఆరేళ్లుంది. ఏ.ఆర్. రాజు టానిక్స్ అన్న పేరులోని అక్షరాలు కలిసి తరువాతి కాలంలో ఆర్టోస్ అయ్యాయి.

అప్పట్లో సోడా అంటే గోలీ సోడాయే. మెడలో నొక్కు, లోపల గాజు గోలీ ఉండే ఆ సీసాను ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన 1870ల తొలినాళ్లలో రూపొందించాడు. నీరు నింపిన సీసాలను ఇనుప చట్రంలో బిగించి, గ్యాసు విడిచి, చేతిపిడితో చట్రాన్ని గిరగిరా తిప్పితే గ్యాసు నీటిలో కలుస్తుంది. సీసా తలకిందులైనప్పుడు గోలీ మూతి దగ్గరికి జారి, లోపలి ఒత్తిడికి అక్కడి రబ్బరు వాషరుకు అతుక్కుని తానే బిరడా అవుతుంది. లోపమున్న సీసా ఆ ఒత్తిడికి పేలిపోవచ్చు గనుక యంత్రం తిప్పే మనిషికి అది ఏమాత్రం నిశ్చింతగా చేసే పని కాదు. పైగా నీరు చల్లగా ఉంటేనే గ్యాసు బాగా కలుస్తుంది. సోడాకు గిరాకీ పెరిగేదేమో రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. వ్యాపారానికి అనువైన కాలమే తయారీకి ప్రతికూలమైన కాలం కావడం ఈ వృత్తిలోని చిత్రం.

వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి ఊరూరికీ నీరు పారుతున్నా, కాలువలు కట్టేసిన రోజుల్లో పల్లెలకు చెరువు నీరే గతి. అలాంటి చోట మూత బిగించిన సోడాకున్న గౌరవం ఒక్క రుచి వల్లనే వచ్చిందనుకోలేము.

ఆ గౌరవానికి మరో కారణం కూడా తోడై ఉంటుందని నా ఊహ. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాం మాత్రం గోదావరి ఒడ్డునే ఉండి ఆ చట్టానికి అందలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో, ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయినది కూడా మద్యనిషేధం వివాదం మీదనే. అంతగా రగిలిన ఆ రోజుల్లో పెళ్లిపందిట్లో పెద్దల ముందు ఏ సంకోచమూ లేకుండా అందించగల సీసా సోడాదీ కూల్‌డ్రింకుదీ మాత్రమే. సారాలో కలుపుకునేదీ ఆ సోడానే అన్న సంగతి పెద్దలకు తెలియదని కాదు.

అయితే ఇలాంటి ప్రాంతీయ కంపెనీ ఇన్నేళ్లు నిలవడానికి అసలు కారణం నా దృష్టిలో ఖాళీ సీసా. మావాళ్లు సాధారణంగా అభిమానాన్ని కారణంగా చెబుతారు, ఇది మన గోదావరి డ్రింకు అంటారు. అది సగమే నిజం. గాజు సీసా బరువైనది, లోపలి పానీయం కన్నా ఖరీదైనది, కనుక అది తప్పనిసరిగా ఫ్యాక్టరీకి తిరిగి రావాలి. కిళ్ళీ కొట్టువాడు సీసాకు డిపాజిట్ పట్టుకునేదీ, తాగినవాణ్ణి కొట్టు ముందే నిలబెట్టి తాగించేదీ అందుకే. కోటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం దాటిన సీసా మళ్లీ అదే రేవు దాటి వెనక్కి రావాలంటే, క్రేటు ఎంత దూరం పోవచ్చన్నది రవాణా ఖర్చే నిర్ణయిస్తుంది. ఆ దూరమే స్థానిక కంపెనీకి గిరి గీసింది. బయటి కంపెనీకి అదే అడ్డుగోడ అయింది. గోల్డ్ స్పాట్, థమ్స్ అప్ వంటి బొంబాయి పార్లే కంపెనీ సరుకులు సైతం ఊరూరా బాట్లింగ్ ఫ్యాక్టరీలను కుదుర్చుకుని గాని విస్తరించలేకపోయాయి.

కోకా కోలా 1977లో దేశం విడిచి వెళ్లడం, 1993లో తిరిగి వచ్చి పార్లే వారి బ్రాండ్లను కొనేయడం అందరికీ తెలిసిన కథే. ఆ కొనుగోలు తరువాత గోల్డ్ స్పాట్ కొన్నేళ్లకే కనుమరుగైంది. దేశమంతా పరుచుకున్న బ్రాండు పోయి, డెల్టాకు పరిమితమైన ఆర్టోస్ మిగలడం విడ్డూరంగా కనిపించవచ్చు గాని, గోల్డ్ స్పాట్ ఉండాలో వద్దో నిర్ణయించే అధికారం చేతులు మారింది. ఆర్టోస్ విషయంలో ఆ నిర్ణయం రామచంద్రపురంలోనే ఉండిపోయింది.

ప్లాస్టిక్ సీసా ఈ లెక్కనంతా తారుమారు చేసింది. అది తేలిక, పగలదు, వెనక్కి రానక్కరలేదు. ఎక్కడ నింపిన సరుకైనా లారీ ఎక్కి ఎంత మారుమూల లంకగ్రామానికైనా చేరుతుంది. ఆర్టోస్ కూడా ప్లాస్టిక్ సీసాలోకి మారక తప్పలేదు. ఆ మార్పుతో అది కూడా దూరప్రాంతాలకు వెళ్లగలుగుతుందన్నది నిజమే గాని, నష్టమే ఎక్కువన్నది నా అభిప్రాయం. ఎందుకంటే తెరుచుకున్న దారిలో పెద్ద లారీలున్నవాడే ముందు నడుస్తాడు. ఇప్పుడు పోటీ రేవుల దగ్గర కాక దుకాణంలోని ఫ్రిజ్ దగ్గర జరుగుతోంది. పెద్ద కంపెనీలు తమ పేరు రాసిన ఫ్రిజ్‌లను దుకాణదారులకు ఇచ్చి, వాటిలో తమ సరుకే ఉండాలని కోరుతాయి. ప్రాంతీయ కంపెనీ సీసాకు దక్కేది దుకాణదారు సొంత డబ్బుతో కొనుక్కున్న ఫ్రిజ్‌లోని చోటే. అలాంటి ఫ్రిజ్ ఉన్న దుకాణాలను వెతుక్కోవడమే ప్రస్తుతం అటువంటి కంపెనీలకు మిగిలిన ప్రధానమైన పని.